చీలమండ స్నాయువు జారుట: తల్లిదండ్రులకొక విన్నపము

(వార్షిక మహాసభ యందు చేసిన ఉపన్యాసము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికపై విద్యాభివృద్ధిని గూర్చియు, ఐకమత్యమును గూర్చియు, వివాహములలోని దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ఉపన్యసించుచునే యున్నారు. అవి యన్నియు అవసరములే. ఐనను ఈ యేడు మేము వానిని వదలి, మనుష్యుని కాలియందు చీలమండ వెనుక నుండు నొక చిన్న గాడిని గూర్చి మాటలాడ నెంచితిమి. మహాసభలో చెప్పదగిన విషయమా యిది యని కొందరు నవ్వవచ్చును. కాని ఆ గాడి తప్పుటచేత మన పిల్లలు ఆటలు మానుకొనుటయు, ఉద్యోగ పరీక్షలలో వెనుకబడుటయు, ఆడపిల్లల విషయమున ఇంటివారు కుంటును కప్పిపుచ్చుటయు మేము చూచుచున్నాము. చికిత్స కలిగిన వ్యాధి యొకటి, చికిత్స లేనిదానివలె ఏండ్ల కొలది ఇండ్లలో మగ్గుచున్నది. అందుచేతనే ఈ ప్రసంగము.

మేము వైద్యులము కాము. జీవితమంతయు బడిపిల్లలకు శబ్దములును ధాతువులును చెప్పినవారము. ఎముకల వైద్యులు వ్రాసినదానిని చదివి, వారినడిగి తెలిసికొని, తెలిసినంత తేట తెలుగున చెప్పుటయే మా పని. రోగమును నిర్ణయించువాడు వైద్యుడు. వైద్యుని యొద్దకు పోవలయునా వద్దా యని నిర్ణయించువారు తల్లిదండ్రులు. మా మాటలు ఈ రెండవవారి కొరకు.

ముందుగా అవయవ నిర్మాణమును చెప్పుదుము. సభలోనివారు ఎవరికి వారు తమ కాలి బయటి చీలమండను వ్రేలితో తడవి చూచుకొనవచ్చును. అక్కడ గుండ్రముగా తగులు నెముక, కాలి వెలుపలి వైపున నుండు సన్నని యెముక యొక్క క్రింది కొన. సంస్కృత శారీరగ్రంథములలో దానికి అనుజంఘాస్థి యని పేరు. ఆ కొన వెనుకనే పైనుండి క్రిందికి ఒక గాడి కలదు. పిక్క వెలుపలి భాగమున నున్న రెండు కండరములనుండి రెండు త్రాళ్లవంటి స్నాయువులు దిగివచ్చి, ఆ గాడిలో మలుపు తిరిగి పాదమునకు పోవును. ఒకటి చిటికెనవ్రేలి వైపు ఎముక మూలమున అంటుకొనును. రెండవది అరికాలి క్రిందుగా అడ్డముగా పోయి బొటనవ్రేలి వైపున అంటుకొనును. ఆంగ్లవైద్యులు మొదటిదానిని పెరోనియస్ బ్రెవిస్ అనియు, రెండవదానిని పెరోనియస్ లాంగస్ అనియు పిలుతురు. పాదమును వెలుపలికి త్రిప్పుట, ఎగుడుదిగుడు నేలపై పాదము లోనికి మడతపడకుండ నిలుపుట వీని పని.

బావి గిలకను తలచుకొనుడు. చేదత్రాడు గిలక గాడిలో ఉన్నంతవరకు నీరు సుఖముగా పైకి వచ్చును. త్రాడు గాడి తప్పి ప్రక్కకు పడినచో చేద బరువెక్కును. త్రాడు ఇరుసుకు రాచుకొని పోగులు లేచును. మన చీలమండ ఎముక ఆ గిలక. స్నాయువులు ఆ త్రాళ్లు. ఐతే భగవంతుడు గిలకకు లేని యొక కాపును ఇచ్చట అమర్చెను. గాడికి మూతవలె, ఎముక అంచునుండి వెనుకకు, గట్టి పట్టీ యొకటి స్నాయువులను కప్పియుండును. ఆ పట్టీ తెగినను, ఎముక నుండి ఊడినను, స్నాయువులు చీలమండ గుండు మీదుగా ముందునకు ఉరుకును. దీనినే స్నాయువు జారుట యందుము.

గాడి యందరికిని ఒకే తీరున ఉండదు. 1928లో ఎడ్వర్డ్స్ అను పరిశోధకుడు 178 ఎముకలను పరీక్షించి, నూటికి 82 వంతుల యెముకలలో గాడి పల్లముగాను, 11 వంతులలో చదునుగాను, 7 వంతులలో ఉబ్బెత్తుగాను ఉన్నదని తెలిపెను. గాడి పల్లముగా లేనివారిలో భారమంతయు పట్టీ మీదనే పడునని తెలియుచున్నది.

మన ప్రాచీనులు స్నాయువుల ప్రాధాన్యమును ఎరుగనివారు కారు. సుశ్రుతసంహిత శారీరస్థానమున స్నాయువులు తొమ్మిది వందలని లెక్క కలదు. పలకలను త్రాళ్లతో బిగించి కట్టిన పడవ నీటిపై బరువు మోసినట్లు, స్నాయువులచే బిగింపబడిన కీళ్లచేతనే దేహము భారము మోయుచున్నదని ఆ యాచార్యుని భావము. చీలమండను గుల్ఫ మర్మముగా పేర్కొని, నొప్పిని కలిగించు రుజాకర మర్మములలో చేర్చెను. ఆయన చెప్పిన సంధిముక్తములు ఆరును కీలు తొలగుటకు సంబంధించినవి. మనము చెప్పుకొను వ్యాధిలో కీలు స్థానమునందే యుండును, త్రాడు మాత్రము తప్పును. ఈ భేదమును గుర్తెరుగుటయే చికిత్సకు మొదటి మెట్టు.

మన ఇండ్లలో "నరము మీద నరమెక్కినది" అను మాట కలదు. ఆ మాటలో నరమనగా నాడి కాదు, స్నాయువే. చీలమండ విషయమున ఆ మాట సత్యమునకు మిక్కిలి చేరువ. కాని మాట సరియైనంత మాత్రమున మర్దనము సరియైన చికిత్స కానేరదు.

ఇది ఎట్లు కలుగును? పాదము నేలపై నిలిచియుండగా దేహము ముందునకు ఒరిగి, మోకాలు పాదము మీదికి వంగిన క్షణమున, పడకుండుటకై పిక్క వెలుపలి కండరములు ఒక్కసారిగా బిగుసుకొనును. ఆ బిగువున స్నాయువులు ముందునకు ఉరికి పట్టీని ఊడదీయును. పాశ్చాత్య దేశములలో మంచుకొండలపై జారెడి క్రీడ యందు ఇది యెక్కువగా కనబడినది. మనకు మంచు లేదు గాని కబడ్డీ కలదు. కూతకు పోయినవాడు గీత కొరకు ముందునకు ఉరుకుచుండగా, వెనుకనుండి ఎదుటివారు కాలు పట్టిరేని, పైన చెప్పిన స్థితియే కలుగును. వాలీబాలులో ఎగిరి దిగునపుడును, పరుగున ఒక్కసారిగా ఆగి ప్రక్కకు తిరుగునపుడును, వానకాలమున పొలముగట్టు మీద కాలు జారినపుడును ఇది సంభవింపవచ్చును. వైద్యగ్రంథములలో ఈ వ్యాధిని తొలుదొల్త వర్ణించినవాడు ఇటలీ దేశపు శస్త్రవైద్యుడు మోంటెజ్జియా. 1803లో బాలే నృత్యము చేయువారొకరి చీలమండయందు ఆయన దీనిని చూచెను. ఇది ముఖ్యముగా ఆటలాడు వయసువారి వ్యాధి. ఇరువది యేండ్ల ప్రాయమువారియందు దీనిని వైద్యులు తరచుగా చూతురు.

ఇక అసలు చిక్కును చెప్పుదుము. తొలిసారి దెబ్బ తగిలినపుడు చీలమండ వాచును, నీలమెక్కును, నొప్పి పుట్టును. చూచువారెల్లరును దానిని బెణుకు అందురు. బెణుకును ఇదియు ఒకేచోట, ఒకేతీరున కనబడుటచే వైద్యులు సైతము తొలినాడు పొరబడుదురని గ్రంథములు హెచ్చరించుచున్నవి. కావున భేదములను కొంచెము వివరముగా మనవి చేయుదుము.

సామాన్యమైన బెణుకులో పాదము లోనికి మడతపడును. నొప్పి చీలమండ ఎముకకు ముందును, క్రిందను ఉండును. స్నాయువు జారినపుడు నొప్పి ఎముకకు వెనుక నుండును. దెబ్బ తగిలిన క్షణమున "టక్కు"మని యేదో తెగినట్లు తోచినదని పిల్లలు చెప్పుదురు. బెణుకు కొన్ని వారములలో నానాటికి తగ్గును. ఇది తగ్గినట్లే తగ్గి, మెట్లు దిగునపుడో, మిట్టపల్లములలో నడచునపుడో, చీలమండపై నొక త్రాడు గెంతినట్లయి కాలు పట్టు తప్పును. కొందరు పిల్లలు పాదమును పైకెత్తి వెలుపలికి త్రిప్పి, ఆ త్రాడు ఎముక మీదికెక్కుటను తామే చూపగలరు. స్నేహితులకు వేడుకగా చూపువారును కలరు. అట్లు చూపుట వేడుక కాదు. గెంతిన ప్రతిసారియు ఆ స్నాయువు ఎముక అంచునకు రాచుకొనుచున్నది.

వైద్యుడు పరీక్షించునపుడు రోగిని కూర్చుండబెట్టి, తన చేతికి ఎదురుగా పాదమును పైకిని వెలుపలికిని నెట్టుమని చెప్పి, చీలమండ వెనుక చూచును. ఎక్స్‌రేలో స్నాయువు కనబడదు. కాని కొందరిలో పట్టీతోపాటు ఎముక పొలుసు కూడ ఊడివచ్చును. బయటి చీలమండ ప్రక్కన ఆ పొలుసు ఎక్స్‌రేలో కనబడెనేని వ్యాధి యిదియేనని గట్టిగా చెప్పవచ్చును. పాదమును కదలించుచు చేయు అల్ట్రాసౌండ్ పరీక్షలో స్నాయువు జారుట కంటికెదురుగా కనబడును. ఎం.ఆర్.ఐ.లో స్నాయువు చీలినదా లేదా అన్నది తెలియును. కాని ఆ పరీక్ష పాదము కదలకుండ నున్నపుడు చేయునది. అప్పటికి స్నాయువు గాడిలోనికి మరలి యుండవచ్చును. కావున "ఎం.ఆర్.ఐ.లో జారినట్లు లేదు" అన్న మాటతో తృప్తిపడక, పిల్లవాడు చెప్పు మాటను వినవలయును.

1976లో ఎకర్ట్, డేవిస్ అను వైద్యులు ఈ గాయమును మూడు తరగతులుగా విభజించిరి. మొదటి తరగతిలో పట్టీ ఎముక పైపొరతో సహా లేచిపోవును. రెండవదానిలో గాడి అంచున నుండు మెత్తని కట్టవంటి భాగమును వెంట తెచ్చుకొనును. మూడవదానిలో ఎముక పొలుసే ఊడివచ్చును. ఏ తరగతియైనను జరిగినదొక్కటే: గాడి కాపు పోయినది.

చికిత్స యేమి? తొలిసారి జారినపుడు, నాలుగు దినములలోనే గుర్తుపట్టిరేని, స్నాయువును గాడిలో నిలిపి, పాదమును కొంచెము క్రిందికి వంచి, మోకాటి క్రిందివరకు ప్లాస్టరు కట్టి, సుమారు ఆరు వారములు కాలు మోపకుండ ఉంచుదురు. పట్టీ తన స్థానమున అతుకుకొనవలయునని ఉద్దేశము. ఇట్లు చేయగా ఇంచుమించు సగముమందికి గుణమగును. తక్కినవారికి మరల జారును. అందుచేత క్రీడాకారులకు తొలిసారియే శస్త్రచికిత్స చేయు వైద్యులును కలరు.

పలుమార్లు జారిన పిమ్మట మాట వేరు. అప్పటికి పట్టీ ఊడిన స్థితిలోనే మాని, వదులైన సంచివలె నిలిచిపోయి యుండును. ఇక ప్లాస్టరు కట్టినను, పసరు కట్టు కట్టినను, ఎన్ని నెలలు కూర్చున్నను ఆ సంచి బిగియదు. తైలమర్దనము చేసినను, ఎవరైన పాదమును పట్టి లాగినను స్నాయువు ఆ పూటకు గాడిలోనికి పోవచ్చును. మరునాడు మెట్టు దిగగానే మరల వచ్చును. పుత్తూరు కట్టు పేరు విననివారు తెలుగునాట అరుదు. నాటుకట్టులపై మనవారికి గల విశ్వాసమును పరిహసించుట మా యభిమతము కాదు. కాని కట్టు చేయగల పని విరిగినదానిని కదలకుండ నిలుపుట. ఊడి మానిన పట్టీని తిరిగి ఎముకకు బిగించుట కట్టునకు సాధ్యము కాదు. జారుచున్నకొలది పెరోనియస్ బ్రెవిస్ అను స్నాయువు నిలువున చీలుట కలదు. మొదట త్రాడు తప్పుటయే వ్యాధి. ఉపేక్షించిన పిమ్మట త్రాడు తెగుటయు తోడగును.

కావున మాటిమాటికి జారు చీలమండకు, ఆటలును కాయకష్టమును చేయవలసిన యువజనులకు, శస్త్రచికిత్సయే నిలకడయైన మార్గమని వైద్యుల మతము. అందు ప్రధానముగా రెండు పద్ధతులు నేడు వాడుకలో నున్నవి. మొదటిది, వదులైన పట్టీని బిగించి, ఎముక అంచున చిన్న రంధ్రములు చేసి, దానిని తన పూర్వస్థానమున కుట్టుట. భుజము మాటిమాటికి జారువారికి చేయు చికిత్సను పోలిన ఈ విధానమును 1985లో దాస్ దే, బాలసుబ్రమణియం అను వైద్యులు ప్రకటించిరి. దానికి సింగపూరు శస్త్రచికిత్స యని పేరు వచ్చినది. రెండవది, గాడి చదునుగా నున్నవారికి దానిని లోతు చేయుట. స్నాయువు తాకు నున్నని పైభాగమును చెడగొట్టక, దాని వెనుకనున్న ఎముకను తొలిచి, పైభాగమును మెల్లగా లోనికి అణచుదురు. గిలక గాడిని లోతు చేసినట్లే యిది. అవసరమైనచోట రెండును కలిపి చేయుదురు. స్నాయువు చీలియున్నచో అదే సమయమున కుట్టుదురు. పూర్వము 1920లో కెల్లీ చెప్పినట్లు ఎముకను కోసి అడ్డుగా జరుపుటయు, 1932లో ఎల్లిస్ జోన్స్ చెప్పినట్లు మడమ వెనుక పెద్ద స్నాయువునుండి ఒక పేటను తీసి కాపుగా కట్టుటయు ఉండెడివి. అవి నేడు అరుదు. చిన్న రంధ్రములగుండ సన్నని గొట్టమువంటి పరికరమును పంపి చేయు విధానమును కొన్నిచోట్ల అనుసరించుచున్నారు.

శస్త్రచికిత్స యనగానే తల్లులు భయపడుదురు. కావున ముందువెనుకలను దాచక చెప్పుదుము. సామాన్యముగా నడుముదిగువ తిమ్మిరెక్కునట్లు మందునిచ్చి ఈ చికిత్స చేయుదురు. చీలమండ వెనుక కొలది అంగుళముల కోత. తరువాత సుమారు రెండు వారములు కాలు మోపరాదు. పిదప గట్టి బూటువంటి దానిని తొడిగి, వైద్యుడు చెప్పినంత బరువు మోపుచు, ఆరు వారముల వరకు నడవవలయును. ఆ తరువాత ఫిజియోథెరపీ. మొదట చీలమండ కదలిక, పిదప కండరముల బలము, పిదప ఒంటికాలిపై నిలుచు నిలకడ, చివర పరుగు. ఆటలకు మరలుటకు మూడు మొదలు ఆరు నెలలు పట్టును. వైద్యుని బట్టియు, గాయమును బట్టియు ఈ గడువులు కొంత మారును. అత్యధికులకు స్నాయువు మరల జారదు. వారు తమ ఆటలకు తిరిగిపోవుదురు.

కష్టములును కలవు. కోత చీము పట్టవచ్చును. ఆ చెంత నుండు సన్ననాడి దెబ్బతిని, పాదము వెలుపలి యంచున తిమ్మిరి నిలిచిపోవచ్చును. స్నాయువు చుట్టుప్రక్కల అతుకుకొని చీలమండ బిగుసుకొనవచ్చును. కొందరికి మరల జారవచ్చును. ఇవి కొద్దిమందికే కలుగునవియైనను, ముందుగా తెలిసికొని ఒప్పుకొనుట యుక్తము. ప్లాస్టరు కట్టిన పిమ్మట వ్రేళ్లు చల్లబడినను, నీలమైనను, తిమ్మిరెక్కినను, నొప్పి మందులకు తగ్గక పెరుగుచున్నను, పిక్క వాచి నొప్పి పుట్టినను, ఊపిరి యాడకున్నను, తెల్లవారువరకు చూతమనక ఆ గడియనే ఆసుపత్రికి పోవలయును.

ఇంకొక మాట. జారు ప్రతి చీలమండకును కత్తి తప్పదనుట మా యభిప్రాయము కాదు. ఎన్నడో యొకమారు జారుచు, నొప్పి లేక, ఆటలవైపు పోనివారు వైద్యుని సలహాపై కొంతకాలము వేచియుండవచ్చును. పట్టీ చెడకున్నను, గాడిలోపలనే రెండు స్నాయువులును ఒకదానిపై నొకటి ఎక్కి టక్కుమను మరియొక రూపమును కలదని 2008లో రైకిన్ మొదలగు వైద్యులు వివరించిరి. కావున నిర్ణయము పరీక్ష చేసినవారిదే కావలయును.

ఇప్పుడు ఈ విషయము మన సంఘమునకు ఏల తగిలినదో మనవి చేయుదుము. మన బంధువర్గములోని యొక యువకుని సంగతి కలదు. పేరు చెప్పుట తగదు. డిగ్రీ రెండవ సంవత్సరమున కబడ్డీ ఆడుచుండగా కాలు చెడినది. ఇంట ఉప్పు, చింతపండు పట్టు వేసిరి. ఒకరు తోమిరి, ఒకరు లాగిరి, ఒకరు కట్టిరి. వాపు తీసినది, అందరును తృప్తిపడిరి. పిల్లవాడు మాత్రము మెట్లు దిగునపుడు గోడను పట్టుకొనుట మొదలుపెట్టెను. "వయసులో ఉన్నవాడవు, ఈ మాత్రమునకేనా?" అని మేనమామ ఎగతాళి చేయుటచే చెప్పుట మానుకొనెను. పదునాలుగు నెలలు గడచినవి. పోలీసు ఉద్యోగపు దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగున, మూడవ చుట్టులో కాలు తప్పి పడిపోయెను. వ్రాతపరీక్ష కొరకు రెండేండ్లు చదివిన చదువు అంతటితో ఆగినది. పిదప ఎముకల వైద్యుడు కూర్చుండబెట్టి పాదమును త్రిప్పించగా, తండ్రి కన్నులయెదుటనే స్నాయువు ఎముక పైకి గెంతినది. ఆ వైద్యుడు తెరచిచూచునప్పటికి అది నిలువున చీలియుండెను. కుట్టి, పట్టీని బిగించిరి. ఐదు నెలలకు మరల పరుగెత్తెను. కాలు వచ్చినది గాని, ఆ ప్రకటన మరల రాలేదు. ఉద్యోగ ప్రకటనలు ఏండ్లకొకమారు వచ్చునవి. వయఃపరిమితి యెవరికొరకును ఆగదు. పేదయింటి పిల్లవానికి ఆ పదునాలుగు నెలలు ఎంత వెలగలవో ఈ సభకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆడపిల్లల సంగతి మరింత దుఃఖకరము. కూచిపూడి నేర్చు పిల్ల అరమండిలో నిలిచినపుడు మోకాళ్లు వంగి, పాదములు వెలుపలికి తిరిగియుండును. చీలమండ వెనుక స్నాయువులు బలముగా పనిచేయు స్థితి యది. నృత్యము వలన వ్యాధి కలుగునని మేమనము. ముందే పట్టీ చెడియున్నచో ఆ స్థితిలో బయటపడునని మాత్రము చెప్పుచున్నాము. అట్లు బయటపడిన నాడు ఇంట మొదట వచ్చు మాట, "ఎవరితోను అనకుడు, సంబంధములు చూచుచున్నాము" అని. నాట్యము మాన్పింతురు, వైద్యుని యొద్దకు పోరు. కాలిపై కోతగుర్తు పడునని భయము, కాలిలో లోపమున్నదని ఊరంతయు అనుకొందురని భయము. అమ్మలారా, ఇది అంటువ్యాధి కాదు. వంశమునకు కళంకము కాదు. త్రాడు గాడి తప్పినది, అంతే. కోతగుర్తు పట్టుచీర అంచు క్రింద దాగును. ఏండ్ల తరబడి ఉపేక్షించిన కుంటు ఏ చీర క్రిందను దాగదు. పెండ్లిచూపులలో పిల్లను నడిపించి చూచు అలవాటు మనలో ఇంకను ఉన్నయెడల, దానిని మానవలసినది మగపెండ్లివారు. చికిత్స మానవలసినది పిల్ల కాదు.

వ్యయమును గూర్చి రెండు మాటలు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ నేడు రెండు రాష్ట్రములయందును వేర్వేరు పేర్లతో నడుచుచున్నది. ఈ చికిత్స పథకమున చేరునా యనునది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడుగవలయును. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలోను, వైద్యకళాశాలల ఆసుపత్రులలోను ఎముకల విభాగములు కలవు. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞానసంస్థ మొదట ఎముకల వైద్యమునకే ప్రత్యేకముగా వెలసిన ఆసుపత్రి. పోదగిన చోటులు లేకపోలేదు. పోవు తెలివి కలుగవలయును.

కావున ఈ మహాసభకు మూడు మనవులు చేయుచున్నాము.

ఒకటి. మన విద్యార్థి వసతిగృహములలోను, మనవారు ఉపాధ్యాయులుగా నున్న పాఠశాలలలోను ఈ నియమము తెలుపవలయును: చీలమండకు దెబ్బ తగిలిన నాడు తోమరాదు, లాగరాదు. బరువు మోపక, కాలిని ఎత్తున నుంచి, మంచుగడ్డను గుడ్డలో చుట్టి ఒక్కొక్క తడవకు పది పదిహేను నిమిషములు ఉంచి, ఎక్స్‌రే తీయించవలయును. మూడు వారములకు తగ్గని బెణుకును, ఏదో గెంతుచున్నదని పిల్లవాడు చెప్పిన చీలమండను, బెణుకు అనుకొనక ఎముకల వైద్యునకు చూపవలయును.

రెండు. మన విద్యానిధి నుండి కొంత సొమ్మును ప్రత్యేకించి, పేద విద్యార్థుల చికిత్సకు వడ్డీలేని అప్పుగా ఇయ్యవలయును. ఫీజు కట్టి చదివించుట ధర్మమైనచో, ఆ చదువుకొను పిల్లవానిని నిలువబెట్టుటయు ధర్మమే. చికిత్సానంతరము ఆరు వారములు కాలు మోపలేని విద్యార్థికి తోటి విద్యార్థులు పాఠములు వ్రాసియిచ్చు నేర్పాటును చేయుడు. దీనికి సొమ్ముతో పని లేదు.

మూడు. చికిత్స చేయించుకొనిన పిల్ల విషయమున, సంబంధములు మాటలాడునపుడు ఆ కారణముచే వెనుకకు పోరాదని మన కుటుంబముల పెద్దలు ఈ సభలో మాట యియ్యవలయును. తీర్మానములు పుస్తకములో నుండును. పెద్దల మాట ఇండ్లలో నుండును. మాకు ఈ రెండవది ముఖ్యము.

యువజనులకు కడపట ఒక మాట. నొప్పిని ఓర్చుకొనుట పౌరుషమని మీకు చెప్పినవారు మీ మేలు కోరియే చెప్పియుందురు. కాని దేహము పలుమార్లు చెప్పుచున్న మాటను వినకుండుట పౌరుషము కాదు. మీ చీలమండ వెనుక త్రాడు గెంతుచున్నయెడల, ఈ రాత్రియే ఇంట చెప్పుడు. ఇంటివారు వినకున్నచో మన వసతిగృహ పర్యవేక్షకునితో చెప్పుడు. ఆయనయు వినకున్నచో మాతో చెప్పుడు. మిమ్ము వెంటబెట్టుకొని వచ్చుటకు మాకు ఇప్పటికిని కాళ్లున్నవి.

 మన పిల్లలు సుదృఢమైన పాదములతో తమ తమ మార్గములయందు ముందునకు సాగుదురు గాక.

స్వస్తి.